ముడతల ఇంజక్షను మూడు నెలలే ఎందుకు?

అద్దం ముందు నిలబడి ఒక్కసారి కోపం నటించండి. కనుబొమలు రెండూ దగ్గరికి జరుగుతాయి. వాటి మధ్య, భ్రుకుటి దగ్గర, ఒకటో రెండో నిలువు గీతలు పడతాయి. ఇప్పుడు ఆశ్చర్యం నటించండి. కనుబొమలు పైకి లేచి నుదుటి మీద అడ్డగీతలు వస్తాయి. ముఖం మామూలుగా పెట్టెయ్యండి. గీతలన్నీ మాయం! ఇదే పని మీ తాతయ్యను చెయ్యమనండి. ఆయన కోపం మానేసి నవ్వుతున్నా భ్రుకుటి దగ్గరి గీతలు పూర్తిగా పోవు.

కారణం చర్మం అడుగున ఉంది. చర్మం పై పొర కింద కొల్లాజెను అనే ప్రొటీను పోగులు వలలాగా అల్లుకుని ఉంటాయి. చర్మానికి గట్టిదనం వాటివల్లనే వస్తుంది. ఎలాస్టిను అనే మరో ప్రొటీను పోగులు రబ్బరులా సాగి మళ్ళీ యథాస్థితికి వస్తాయి. చిన్నతనంలో ఈ రెండూ పుష్కలం. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా ఎండ తగిలేచోట, ఈ పోగులు పలచబడతాయి, తెగుతాయి. అప్పుడు కింద ఉన్న కండరం రోజుకు ఎన్నోసార్లు చర్మాన్ని ఒకేచోట మడత పెడుతూ ఉంటే ఆ మడత అక్కడే నిలిచిపోతుంది. చొక్కాను రోజూ ఒకేచోట మడిచి పెట్టెలో పెడితే ఆ గీత ఎలా నిలిచిపోతుందో మీకు తెలుసు కదా!

కాబట్టి ముఖం మీది ముడతలు రెండు రకాలు. కండరం ముడుచుకున్నప్పుడు మాత్రమే పడేవి ఒక రకం. కండరం ఊరకే ఉన్నా కనిపించేవి రెండో రకం. వీటికోసం డాక్టర్లు ఇచ్చే ఇంజక్షనులు కూడా ముఖ్యంగా రెండు రకాలే. మొదటి రకం ముడతలకు ఇచ్చే మందును జనం బొటాక్స్ అంటారు. అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. అసలు మందు పేరు బొట్యులినం టాక్సిన్. టాక్సిన్ అంటే విషం. అవును, విషమే!

ఈ ఇంజక్షను చేయించుకున్నవారికి మూడు నాలుగు నెలలు గడిచేసరికి ముడతలు మళ్ళీ తొంగిచూస్తాయి. "మందు అరిగిపోయింది" అనుకుంటారు. ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో తెలియాలంటే కండరానికి ఆజ్ఞ ఎలా అందుతుందో ముందు చూడాలి.

నాలుగు పాయల జడ

కనుబొమలు ముడవాలని మెదడు ఆజ్ఞ ఇస్తే అది విద్యుత్ ప్రేరణగా నాడి వెంట పరుగెత్తుకొస్తుంది. కాని నాడి కొస కండరాన్ని తాకి ఉండదు. రెంటికీ మధ్య ఒక సందు ఉంటుంది. మిల్లీమీటరును 20 వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత సన్నని సందు. ఇక్కడ విద్యుత్ ప్రేరణ ఆగిపోతుంది. అందుకని నాడి ఒక రసాయనాన్ని అవతలికి పంపుతుంది. దాని పేరు ఎసిటైల్ కోలిన్.

ఈ రసాయనం నాడి కొసలో అతిచిన్న తిత్తులలో నిండి సిద్ధంగా ఉంటుంది. ఆజ్ఞ రాగానే కొన్ని తిత్తులు నాడి కొస గోడకు అతుక్కుపోయి, అక్కడ నోరు తెరిచి, తమలో ఉన్నదంతా సందులోకి కుమ్మరిస్తాయి. అది కండరానికి తగలగానే కండరం ముడుచుకుంటుంది. మనం రెప్ప వేసినా, నవ్వినా, ఊపిరి పీల్చినా జరిగేది ఇదే.

తిత్తిని గోడ దగ్గరికి లాగేది ఎవరు? మూడు ప్రొటీనులు. ఒకటి తిత్తికి అంటుకుని ఉంటుంది. మిగిలిన రెండూ గోడకు అంటుకుని ఉంటాయి. ఇవి ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. వీటిలో స్నాప్-25 అనే ప్రొటీను రెండు పాయలు ఇస్తుంది, మిగిలినవి ఒక్కొక్క పాయ ఇస్తాయి. మొత్తం నాలుగు పాయల జడ అన్నమాట! జడ బిగుసుకునేకొద్దీ తిత్తి గోడకు దగ్గరై చివరికి రెండూ కలిసిపోతాయి.

బొట్యులినం విషం సరిగ్గా ఈ జడ మీదనే దెబ్బ కొడుతుంది. దాని అణువులో రెండు భాగాలున్నాయి. బరువైన భాగం తాళంచెవి వంటిది. అది నాడి కొసను గుర్తుపట్టి, తలుపు తెరిపించి, రెండో భాగాన్ని లోపలికి పంపుతుంది. తేలికైన ఆ రెండో భాగం ఒక కత్తెర. కత్తెర పనిచెయ్యడానికి దానిలో ఒక జింకు పరమాణువు కూడా ఉంది. స్నాప్-25 అనేది 206 అమైనో ఆమ్లాల గొలుసు. బొట్యులినం విషాలలో "ఎ" రకం ఆ గొలుసు చివరినుంచి 9 ఆమ్లాలను మాత్రం కత్తిరిస్తుంది. అంతే! జడ బిగియదు. తిత్తులు నిండుగా ఉన్నా నోరు తెరవలేవు. మెదడు ఎంత గట్టిగా ఆజ్ఞాపించినా కండరానికి కబురు అందదు. కనుబొమలు ముడవవు, కాబట్టి వాటి మధ్య గీతా పడదు.

ఒక్క సంగతి గమనించండి. ఇందులో నాడి చావలేదు. కండరమూ చావలేదు. ఇద్దరి మధ్య ఉత్తరాలు మాత్రమే ఆగిపోయాయి.

సాసేజి నుంచి నుదుటికి

ఇంత విచిత్రమైన విషాన్ని మొట్టమొదట మనిషి గుర్తించింది భోజనం పళ్ళెంలో. జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో కొందరు సాసేజి తిని చనిపోతూ ఉండేవారు. సాసేజి అంటే మాంసాన్ని తరిగి పేగు గొట్టంలో కూరి నిలవచేసే వంటకం. యుస్టినుస్ కెర్నెర్ అనే డాక్టరు ఇటువంటి కేసులను ఓపికగా సేకరించి 1820లోనూ, 1822లోనూ పుస్తకాలుగా ప్రచురించాడు. రోగుల కనురెప్పలు వాలిపోవడం, నోరు ఎండిపోవడం, చివరికి ఊపిరాడకపోవడం అన్నీ రాశాడు. పాడైన సాసేజి సారాన్ని తన నాలుక మీద వేసుకుని కూడా చూశాడు! (మీరు ఎవరూ ఇటువంటి పని చెయ్యకండి.) అదుపు తప్పి కదిలే కండరాలకు ఈ విషమే అతికొద్ది మోతాదులో మందు కావచ్చునని ఆనాడే ఊహించాడు. లాటిన్ భాషలో సాసేజిని బొటులుస్ అంటారు. బొట్యులినం అనే పేరు దానినుంచే వచ్చింది.

1895లో బెల్జియంలోని ఎల్‌జెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియకు వాయించడానికి వచ్చిన బ్యాండుమేళం వారు నిలవ పంది మాంసం తిన్నారు. 34 మందిలో ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసంలోనుంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. అది గాలి లేనిచోట పెరిగే రకం. పులుపంటే దానికి గిట్టదు. ఆవకాయ జాడీలో అది పెరగలేకపోవడానికి మామిడి పులుపు, ఉప్పు కారణం. ఏడాది నిండని పసిపాపలకు తేనె నాకించవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఈ బాక్టీరియా గురించే. దాని బీజాలు తేనెలో ఉంటే అవి పాప పేగులో మొలకెత్తవచ్చు.

కెర్నెర్ ఊహ నిజం కావడానికి నూట యాభై ఏళ్ళు పట్టింది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకు శస్త్రచికిత్స లేకుండా వైద్యం చెయ్యాలనుకున్నాడు. కంటిని ఒక పక్కకు లాగుతున్న కండరాన్ని కొంచెం బలహీనపరిస్తే చాలు కదా అని ఆలోచించాడు. ఈ విషాన్ని కోతులలో పరీక్షించి 1973లోనూ, మనుషులలో పరీక్షించి 1980లోనూ ఫలితాలు ప్రకటించాడు. 1989లో అమెరికా ప్రభుత్వం దీన్ని మందుగా అనుమతించింది.

ఇక ముడతల సంగతి. కెనడాలోని వాంకూవరులో జీన్ కారుథర్స్ కంటి డాక్టరు, ఆమె భర్త ఆలస్టెయిర్ చర్మవైద్యుడు. కనురెప్పలు అదేపనిగా బిగుసుకుపోయే జబ్బుకు 1987 ప్రాంతంలో జీన్ ఈ ఇంజక్షను ఇస్తూ ఉండేది. ఇంజక్షను తీసుకున్నవారి భ్రుకుటి దగ్గర ముడతలు పోతున్నాయని అప్పుడే తెలిసింది. భార్యాభర్తలిద్దరూ దీన్ని పరిశీలించి 1992లో వ్యాసం ప్రచురించారు. 2002లో అమెరికాలో ముడతలకు కూడా అనుమతి వచ్చింది.

మోతాదు ఎంతో లెక్క కట్టి చూద్దామా? భ్రుకుటి ముడతలకు సాధారణంగా ఇచ్చేది 20 యూనిట్లు. బొటాక్స్‌లో 100 యూనిట్లంటే సుమారు 5 నానోగ్రాముల ప్రొటీను. కనుక 20 యూనిట్లంటే 1 నానోగ్రాము, అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. సన్నని ఉప్పు రవ్వ ఒక్కదాన్ని 60 వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంత ఉంటుందో, ఇంచుమించు అంత! అందులోనూ అసలు విషం ఆరో వంతే. మిగిలింది దానికి తొడుగుగా ఉండే ప్రొటీనులు.

నాడిలోని గడియారం

ఇంజక్షను ఇచ్చిన వెంటనే ఏమీ జరగదు. విషం నాడి కొసల్లోకి దూరి, కత్తెర పని మొదలై, తగినన్ని స్నాప్-25లు తెగేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. పూర్తి ఫలితం కనిపించేది రెండు వారాలకు. తరువాత మూడు నాలుగు నెలలు కండరం నిశ్చలంగానో, బలహీనంగానో ఉంటుంది.

ఇంత కాలం ఎందుకు? శరీరంలో ఎన్నో ప్రొటీనులు గంటల్లోనో రోజుల్లోనో విచ్ఛిన్నమై కొత్తవి తయారవుతూ ఉంటాయి. జీవకణంలో పారిశుధ్య సిబ్బంది ఉన్నారనుకోండి. పనికిరాని ప్రొటీనుకు చీటీ అంటించి, ముక్కలు చేసే యంత్రంలోకి తోసేయడం వారి పని. కాని "ఎ" రకం కత్తెర నాడి కొస గోడ పక్కనే నక్కి ఈ సిబ్బంది కళ్ళుగప్పి వారాలకొద్దీ బతుకుతుంది. నాడి కొత్త స్నాప్-25లను పంపిస్తున్నా వాటినీ కత్తిరిస్తూ ఉంటుంది. అదే బాక్టీరియా జాతిలో "ఇ" రకం విషం కూడా ఉంది. అది స్నాప్-25 నుంచి 26 ఆమ్లాలను, అంటే ఇంకా పెద్ద ముక్కను, కోసేస్తుంది. అయినా దాని ప్రభావం కొన్ని వారాలే! ఆ కత్తెరను సిబ్బంది త్వరగా పట్టేసుకుంటారు మరి. కనుక ఎంత ముక్క కోసింది అన్నది కాదు, కోసేవాడు ఎంతకాలం దొరక్కుండా తిరిగాడన్నదే ముఖ్యం.

ఈలోగా నాడి చేతులు ముడుచుకుని కూర్చోదు. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు బతికి ఉన్న ఎలుకలలో అవే నాడి కొసలను వారాల తరబడి మళ్ళీ మళ్ళీ చూశారు. మూసుకుపోయిన కొస పక్కనుంచి సన్నని కొత్త మొలకలు వచ్చాయి. నరికిన కొమ్మ పక్కనుంచి చిగుళ్ళు వచ్చినట్టే! నాలుగు వారాలకు ఆ మొలకలే కండరానికి కబుర్లు మోస్తున్నాయి. అసలు కొస ఇంకా మూగగానే ఉంది. రెండు మూడు నెలలకు అసలు కొస కోలుకుంది. అది కోలుకోగానే మొలకలు ఒక్కొక్కటే వెనక్కు ముడుచుకుపోయాయి. తాత్కాలికంగా వేసిన పక్కదారి, అసలు వంతెన బాగుపడ్డాక మూసేసినట్టు.

"మందు అరిగిపోయింది" అనే మాట సగమే నిజమన్నది ఇందుకే. మందు పోవడం ఒక సగం. నాడి తనను తాను బాగుచేసుకోవడం రెండో సగం. నుదుటి మీద గీత మళ్ళీ కనిపించిందంటే నాడి వైద్యం పూర్తి అయిందన్నమాట.

అందరికీ ఒకే కాలం పట్టదు. కండరం పెద్దదైతే, మోతాదు తక్కువైతే ప్రభావం త్వరగా పోతుంది. అతిగా చెమట పట్టేవారికి ఇదే మందును చంకలో ఇస్తారు. చెమట గ్రంథులకు ఆజ్ఞ ఇచ్చే నాడులు కోలుకోవడానికి సాధారణంగా ఆరేడు నెలలు పడుతుంది.

ఈ గడియారం అందం కోసం తిరిగినా, జబ్బులో తిరిగినా ఒక్కటే. పాడైన నిలవ ఆహారంనుంచి విషం ఎక్కువగా రక్తంలో కలిస్తే ముఖ కండరాలే కాదు, ఊపిరితిత్తులను నడిపే కండరాలు కూడా ఆజ్ఞలు అందక ఆగిపోతాయి. దీనికి విరుగుడు సీరం ఉంది. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు. నాడి లోపలికి దూరిపోయిన కత్తెరను మాత్రం పట్టుకోలేదు. అందుకని డాక్టర్లు రోగిని శ్వాసయంత్రం మీద ఉంచి, వారాలు, ఒక్కొక్కసారి నెలలు, నాడులు బాగుపడేదాకా కనిపెట్టుకుని ఉంటారు. అంతకాలం శ్వాస అందించగలిగితే రోగి బతుకుతాడు. 2024లో అమెరికాలో నకిలీ మందుతోనో, అర్హత లేనివారి చేతనో ముడతల ఇంజక్షనులు చేయించుకున్న కొందరికి ఇటువంటి లక్షణాలే వచ్చి ఆస్పత్రి పాలయ్యారు. నానోగ్రాములలో కొలిచే మందును ఎవరు కొలిచారన్నది చిన్న విషయం కాదు.

కరిగే జిగురు, కరగని మైనం

రెండో రకం ముడతలకు, అంటే కండరం ఊరకే ఉన్నా కనిపించే గుంటలకు, ఈ కత్తెర అంతగా పనికిరాదు. అక్కడ గుంటను కిందినుంచి నింపాలి. దీనికి ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. పేరు చూసి భయపడకండి. అది మన చర్మంలో, కీళ్ళలో, కంటిలో సహజంగా ఉండే జిగురు పదార్థమే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనేవారు దాన్ని మొదట ఆవు కంటిలోనుంచి వేరుచేశారు. పెద్దమనిషి శరీరంలో అది సుమారు 15 గ్రాములు ఉంటుంది. ప్రతిరోజూ అందులో మూడో వంతు కరిగిపోయి కొత్తది తయారవుతుంది. అంటే సహజమైన జిగురును అలాగే ఇంజక్షనుగా ఇస్తే కొద్ది రోజుల్లోనే ఏమీ మిగలదు. అందుకని దాని గొలుసులను ఒకదానితో ఒకటి రసాయనంతో ముడివేస్తారు. అప్పుడు దాన్ని కత్తిరించే ఎంజైముకు పని కష్టమవుతుంది. ఆరు నెలలనుంచి ఏడాదిన్నర దాకా నిలుస్తుందని సాధారణంగా చెబుతారు. స్కానింగులో చూస్తే కొందరిలో ఇంకా చాలా ఏళ్ళు కొంత మిగిలే ఉంది. ఇది పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, చూపు కూడా పోవచ్చు. అప్పుడు డాక్టర్లు ఆ ఎంజైమునే ఇంజక్షనుగా ఇచ్చి జిగురును కరిగించాలని చూస్తారు.

"ఎప్పటికీ కరగనిది పెడితే సరిపోతుంది కదా!" అని మీకు తోచవచ్చు. ఆ ప్రయోగమూ జరిగింది. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ అనే డాక్టరు శరీరంలో లోటున్నచోట పారఫిన్ జాతి పదార్థాన్ని కరిగించి ఎక్కించడం మొదలుపెట్టాడు. కొవ్వొత్తుల మైనం ఆ జాతిదే. కొద్దికాలంలోనే అది ముఖాలకు కూడా పాకింది. మైనాన్ని కత్తిరించే ఎంజైము మన శరీరంలో లేదు. కనుక అది నిజంగానే పోలేదు. పైగా కొన్నేళ్ళకు చుట్టూ గట్టి గడ్డలు కట్టింది, చోటు మార్చుకుంది. ఐరోపాలో గొప్ప అందగత్తెగా పేరు పొందిన గ్లాడిస్ డీకన్ ముక్కు తీర్చిదిద్దుకోవడానికి మైనం ఎక్కించుకుంటే, అది క్రమంగా గడ్డం వైపు జారి ముఖం వికారమైంది. శరీరం కరిగించుకోగలిగిన పదార్థం డాక్టరు చేసిన పొరపాటును కూడా కరిగిస్తుంది. మైనానికి ఆ గుణం లేదు.

బొట్యులినం మందు కాలాన్ని పెంచే ప్రయత్నాలు మాత్రం సాగుతున్నాయి. 2022లో అమెరికా అనుమతించిన ఒక కొత్త రకంలో ప్రభావం సుమారు ఆరు నెలలు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మానేస్తే ముడతలు మునుపటికన్నా ఎక్కువవుతాయా అని కొందరు భయపడతారు. అలా కావు. ఏళ్ళ తరబడి మడత పడని చర్మంలో గీతలు కొంత తక్కువే కావచ్చు. 2006లో ఒకే పోలిక కవలలిద్దరిని పోల్చి చూశారు. 13 ఏళ్ళుగా క్రమంగా ఇంజక్షను తీసుకున్న ఆమె నుదుటి మీద గీతలు, రెండుసార్లే తీసుకున్న ఆమెకన్నా తక్కువగా ఉన్నాయి. కాని ఒక్క జంటను చూసి సూత్రం కట్టలేం కదా!

ఇక ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. మూడు నెలల్లో పోయే మందుతో స్కాట్ మెల్లకన్ను ఎలా సరిచేశాడు? మూడు నెలలకు కన్ను మళ్ళీ పక్కకు పోవాలి కదా? కొందరికి పోతుంది కూడా, అప్పుడు మళ్ళీ ఇంజక్షను ఇస్తారు. కాని చాలామందిలో ఒక తమాషా జరుగుతుంది. కంటి గుడ్డును ఒక పక్క ఒక కండరం, రెండో పక్క మరో కండరం లాగుతూ ఉంటాయి. మందు వేసిన కండరం నెలల తరబడి సడలి సాగి ఉంటుంది. ఎదుటి కండరం ఆ సందు చూసుకుని కొంచెం పొట్టిదవుతుంది. రెండు కళ్ళూ ఒకే వస్తువును చూడడం మొదలుపెట్టగానే మెదడు రెండు బొమ్మలనూ కలిపి ఒకటిగా చూడడం అలవాటు చేసుకుంటుంది. నాడి కోలుకుని కండరానికి మళ్ళీ ఆజ్ఞలు అందేసరికి కన్ను తన కొత్త చోటులో కుదురుకుని ఉంటుంది.